వాసన లేని అర్జీ

గరివిడి,
జూన్.

అన్నయ్యకు,

ఉత్తరం మొదట్లో "నేను ఇక్కడ క్షేమం" అని ఊరికే రాసెయ్యవద్దని మా తెలుగు సారు మురళీమోహన్ గారు చెప్పారు. క్షేమమైతే అదెలా ఉందో చూపించాలట. సరే, చూపిస్తాను. అన్నం వేడిగా పెడుతున్నారు. పప్పు పలచనే గాని రోజూ ఉంటోంది. నా మంచం కిటికీ పక్కన పడింది. కిటికీ తీస్తే ఫ్యాక్టరీ పొగగొట్టం, దాని ఇవతల రైలు పట్టాలు. రైళ్ళు చాలా వెళ్తాయి, ఆగేవి తక్కువ. ఇదీ నా క్షేమం.

ఈ హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు. ఆదివారం వార్డెన్ గారి ఫోనులో అమ్మతో మాట్లాడుతుంటే, వెనక నిలబడ్డవాళ్ళు "బేగి కానియ్యే" అని వీపు మీద పొడుస్తారు. అందుకని ఇంటర్ అయ్యేదాకా నీకు ఉత్తరాలే రాస్తాను. నువ్వూ రాయాలి. పదో తరగతి పాసైనవాడివి, తప్పించుకోలేవు.

నాకు కొత్త జబ్బు ఒకటి పట్టుకుంది. చిన్నప్పుడు మన ఊరి ఇసకలో గవ్వలు ఏరినట్టు ఇప్పుడు మాటలు ఏరుతున్నాను. ఈ వారం దొరికినవి: విచ్చేయు, నెలకొల్పు, పరిష్కారం. వాటిని మెల్లగా పలుకుతుంటే బెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నట్టు ఉంటుంది. నవ్వకు.

ఇంకో సంగతి. అమ్మకి చెప్పకు. వచ్చిన రోజు పెట్టె తెరిస్తే బట్టల కింద ఎండుచేపల పొట్లం ఉంది, నెత్తళ్ళు. నాకు తెలియకుండా అమ్మ పెట్టింది. నా పక్క మంచం దుర్గాభవాని ముక్కు మూసుకుని "ఒలే, పెట్టెలో ఎలకేటైనా సచ్చిందేటి?" అంది. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. పొట్లం వంట చేసే ఆయాకి ఇచ్చేశాను.

మర్నాడు సారు "మీ ఇంట్లో ఏం చేస్తారు?" అని అందరినీ అడిగారు. నా వంతు వచ్చేసరికి "మా అన్నయ్యకి విద్యుత్ రవాణా వాహనం ఉంది సార్" అన్నాను. అబద్ధం కాదు కదా! కరెంటు ఆటోని కాస్త చక్కగా చెబితే అదే.

మన పిల్లి ఎలా ఉంది? చప్పుడు లేకుండా వస్తుందని ఆటోకి ఆ పేరు పెట్టిన అమ్మ, దాన్ని ఇంకా నిమురుతోందా? అది వచ్చాకే కదా నువ్వు వెరావల్ బోట్లు మానేశావు. నాన్నని మింగిన సముద్రం మన ఊరిది కాదు, ఆ గుజరాత్‌ది. ఇంక అటు వెళ్ళనని నువ్వు అమ్మ తల మీద చెయ్యి పెట్టి అన్నప్పుడు నేను గుమ్మంలో ఉన్నాను. పిల్లి బాగా తిరగాలి అన్నయ్యా. అది తిరిగినన్నాళ్ళూ నువ్వు ఇంట్లో ఉంటావు.

నీ చెల్లి,
తులసి


కళింగపట్నం,
జూలై.

చెల్లి తులసికి అన్న లక్ష్ముడు రాస్తున్నది.

ఫోనులో అయితే చిటికెలో అయిపోయే మాటలకి నా చేత పెన్ను పట్టించావు. తప్పులుంటే నీలోనే దిద్దుకో, ఎర్ర పెన్నుతో నాకు పంపకు.

పిల్లి తిరుగుతోంది. తెల్లారి తెప్పలు ఒడ్డుకి రాగానే ఇసక మీద వేలంపాట జరుగుతుంది. అమ్మ, జగ్గమ్మత్త, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు పాటలో దక్కిన చేపని ఐసు పెట్టెల్లో సర్ది ఎక్కిస్తారు. గార మీదుగా శ్రీకాకుళం మార్కెట్టుకి చేరుస్తాను. ఇప్పుడు బస్సు కండక్టరు "దిగండమ్మా, వాసన" అనడం లేదు. గంపలు నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద నిలబడడం లేదు. జగ్గమ్మత్త అయితే ఎక్కగానే కునుకు తీస్తుంది. "ఒరే లక్ష్ముడూ, నీ బండి నడస్తన్నాదా, నిలబడిపోనాదా? సప్పుడే లేదు, నాకు తెలీటం లేదురా" అంటుంది.

అంతా బాగుందని రాసి ఊరుకుందామనుకున్నాను. కానీ నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను.

నిండా చార్జి ఎక్కితే పిల్లి పట్నం వెళ్ళి, వీధులు తిరిగి, ఇంటికి వచ్చేస్తుంది. నిండా ఎక్కడం లేదు. మన ఇల్లు కరెంటు లైను చివర ఉంది కదా. అందరూ ఫ్యాన్లు వేసేసరికి మన బల్బు ఎర్రబడిపోతుంది. తెల్లారి చూస్తే బండి మీటరు అద్దంలో చార్జి గీతలు సగం దాకా వచ్చి ఆగిపోయి ఉంటాయి. అందుకని పట్నంలో మధ్యాహ్నం ఇంకాస్త ఎక్కించుకోవాలి.

పట్నమంతా తిరిగాను. ఒక ఆఫీసు గోడ పక్కన చార్జింగు మిషను ఉంది, దాని మీద కప్పిన కవరు ఇంకా తియ్యలేదు. కవరు చిరిగిపోయి లోపల కోడి గుడ్లు పెట్టింది. ఒక పెట్రోలు బంకులో ఉన్నది కార్లకట. స్కూటర్ల షాపులో ఉన్నది వాళ్ళ కంపెనీ స్కూటర్లకేనట. చివరికి హైవే మీద జగన్నాధం గారి హోటల్లో మనకి పనికొచ్చే ప్లగ్గు దొరికింది. బండి పెట్టి టీ తాగుతున్నాను. ఆయన వచ్చి "ఏటి తెచ్చినావు బండిలో?" అన్నాడు. "ఖాళీ పెట్టెలండి, చేప అమ్మేశాం" అన్నాను. "ఖాళీ పెట్టెలకే ఇలాగుంటే నిండుగుంటే ఏటి బాబూ! టిఫిను తినీవోళ్ళు లేసిపోతన్నారు. నీకు దణ్ణమెడతాను, ఎల్లిపో" అని నిజంగానే రెండు చేతులూ జోడించాడు. తిట్టినా బాగుండును. తిరిగి తిట్టేవాణ్ణి.

కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారట. నువ్వు రాసి పంపు, నేను ఇస్తాను. మనకి కావలసింది పెద్దదేమీ కాదు. చేపల మార్కెట్టు వెనక ఒక లావు ప్లగ్గు, పిండి గ్రైండర్లకి పెట్టేలాంటిది. పైన ఒక రేకు. అంతే.

అమ్మ నెత్తళ్ళు బాగున్నాయా అని అడగమంది. ఏం చెప్పను?

లక్ష్ముడు


గరివిడి,
జూలై ఆఖరు.

అన్నయ్యకు,

నెత్తళ్ళు చాలా బాగున్నాయని చెప్పు. ఆయా అలాగే అంది.

అర్జీ దీనితో పాటు పంపుతున్నాను. నాలుగు చిత్తులు రాశాను. చివరిది సారుకి చూపిస్తే ఒక్క చోట మాత్రమే దిద్ది, క్లాసులో పైకి చదివారు. నా చెవులు వేడెక్కిపోయాయి. నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం ఇక్కడ కూడా రాస్తాను. నువ్వు కవరు విప్పే ముందే చదవాలి:

"కెరటాలు ముత్యాలై విరిసే కళింగపట్నం తీరాన, దీపస్తంభం చెంత, సుదూర ప్రాంతాల నుంచి విచ్చేసే పర్యాటకుల సౌకర్యార్థం, కాలుష్యమెరుగని వాహనాల కొరకు అత్యాధునికమైన, వేగవంతమైన చార్జింగ్ కేంద్రాన్ని నెలకొల్పి, మా చిరకాల సమస్యకు పరిష్కారం చూపవలసిందిగా ప్రార్థన."

ఎలా ఉంది? విచ్చేయు, నెలకొల్పు, పరిష్కారం, మూడూ ఒకే వాక్యంలో పట్టాయి!

మార్కెట్టు వెనక అని నువ్వు రాశావు గాని, అర్జీలో అది అంత శోభగా అనిపించలేదు. తీరం అంటే మన ఇంటికి ఇంకా దగ్గర కదా, పట్నం దాకా పోనక్కర్లేదు. ప్లగ్గు, రేకు అని రాస్తే చిన్న కోరిక అనుకుని పక్కన పడేస్తారు. పెద్దగా అడిగితేనే చూస్తారని నాకు అనిపించింది.

ఈ సోమవారమే ఇచ్చెయ్యి. వంగి నిలబడకు. నిటారుగా నిలబడి ఇవ్వు.

తులసి


కళింగపట్నం,
ఆగస్టు.

చెల్లికి,

అర్జీ ఇచ్చాను. నిటారుగానే నిలబడ్డాను. కాగితాలు తీసుకునే ఆయన నీ అర్జీ మొత్తం చదివి "ఎవరు రాసినారయ్యా ఇది?" అన్నాడు. "మా సెల్లి, గరివిడిలో ఇంటర్ సదువుతన్నాది" అన్నాను. "బాగుంది, బాగుంది" అని పై కట్టలో పెట్టాడు. కింద కట్టలు కూడా ఉన్నాయి, మనది పై కట్ట. వచ్చేటప్పుడు నాకు నేల మీద కాలు ఆనలేదు.

దానికి ముందు రోజు ఆడవాళ్ళందరినీ ఇసక మీద కూర్చోబెట్టి చదివి వినిపించాను. కెరటాలు ముత్యాలు అనగానే జగ్గమ్మత్త "ఓలమ్మ, మన సముద్రమేనేటి ఇది!" అని బుగ్గలు నొక్కుకుంది. అమ్మ మాత్రం చివరిదాకా విని, "బాగున్నాది గాని, మరి సేపల మాటేదిరా?" అంది.

మళ్ళీ చూశాను. నిజమే, లేదు. మన ఆడవాళ్ళూ లేరు. ఆటో అన్న మాట కూడా లేదు. "దానికి తెలీదేటమ్మా, సదువుకున్నాది, ఎందుకు రాసిందో ఏటో" అన్నాను. అమ్మ "అవునులే" అంది. నాకు నిన్ను అడగాలని ఉంది గాని అడగను. నీకు తోచిందే బాగుంటుంది.

ఇప్పుడు బాగోలేని కబురు. మొన్న రాత్రంతా కరెంటు లేదు. తెల్లారి పాటలో కానాగంత చేపలు బాగా పడ్డాయి. అమ్మవాళ్ళు ఆశపడి పెట్టెలు నిండా సర్దారు. సరిపోతుందిలే అనుకుని బయలుదేరాను. గార దాటాక పిల్లి నెమ్మదిగా, నెమ్మదిగా, తర్వాత అసలు లేదు. ఎండ. చుట్టూ వరి చేలు. ఆడవాళ్ళు దిగి వెనక నుంచి తోశారు. జగ్గమ్మత్త తోస్తూనే "పిల్లి కాదురా ఇది, గున్న ఏనుగు" అని నవ్వించింది. పెట్టెల్లోంచి ఐసు నీళ్ళు రోడ్డు మీద కారుతూనే ఉన్నాయి. ఒక రైతు తన మోటారు షెడ్డులో ప్లగ్గు ఇచ్చాడు, మంచివాడు. గీతలు కాస్త పైకొచ్చి మార్కెట్టు చేరేసరికి చేప కళ్ళు తెల్లబడిపోయాయి. ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

మర్నాటి నుంచి జగ్గమ్మత్త బస్సుకి వెళ్తోంది. "నీ మీద కోపం కాదురా నాయనా, నా సేప ఆగదు కదా" అంది. ఇంకో ఇద్దరు కూడా ఆమె వెనకే వెళ్ళారు.

వెరావల్ బోటు నడిపే తండేలు ఎర్రన్న మావ వచ్చాడు, ఒక మనిషి తక్కువ పడ్డాడట. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేశాను. అర్జీ పై కట్టలో ఉందని చెప్పాను.

లక్ష్ముడు


గరివిడి,
సెప్టెంబరు.

అన్నయ్యకు,

నువ్వు అడగనన్నావు గాని అడిగినట్టే ఉంది. చేపలు అని రాస్తే ఇది ఒక ఇంటి గొడవ అనుకుంటారని రాయలేదు. పర్యాటకులు అంటే ఊరందరికీ మేలు. అర్జీ అంటే అలాగే ఉండాలి. సారు కూడా ఏమీ అనలేదు. మన ఇంట్లో చేపలున్న సంగతి సారుకి తెలియదనుకో. అది వేరే సంగతి.

తోసుకుంటూ వెళ్ళిన కథ చదివి మొదట నవ్వాను. ఐసు నీళ్ళ దగ్గర నవ్వు ఆగిపోయింది. భోజనాల గంట కొట్టినా కిటికీ దగ్గరే కూర్చున్నాను.

ఊరికే కూర్చోలేదు. మా ఫిజిక్స్ మేడమ్‌ని అడిగాను. లైను చివర వోల్టేజి ఎందుకు పడిపోతుందో బోర్డు మీద బొమ్మ వేసి చక్కగా చెప్పారు. ట్రాన్స్‌ఫార్మర్ మారిస్తే బాగవుతుందట. ఎవరు మారుస్తారు మేడమ్ అన్నాను. "అది ఫిజిక్స్ కాదమ్మా" అన్నారు.

లైబ్రరీలో పేపరు రోజూ చూస్తున్నాను. విద్యుత్ వాహనాలు పెరగాలి, చార్జింగ్ కేంద్రాలు పెరగాలి అని ఉంటుంది. "పెరగాలి" అన్న మాట అన్నిసార్లు చూశాక, పెరిగింది అన్న మాట ఒక్కసారి చూడాలనిపిస్తోంది.

ఎర్రన్న మావ మళ్ళీ వస్తే గుమ్మంలో కూడా నిలబడనివ్వకు. కొన్నాళ్ళు ఓపిక పట్టు. మనది పై కట్ట కదా.

దుర్గాభవాని ఇప్పుడు నాతో బాగానే ఉంటోంది. మీ ఊరు బీచికి వస్తాం, మీ ఇంట్లో ఉంటాం అంటోంది. నవ్వి తప్పించుకుంటున్నాను.

తులసి


కళింగపట్నం,
నవంబరు.

తులసీ,

చార్జింగు కేంద్రం వచ్చింది!

ఆ ముక్క ముందు రాసేశాను, ఎందుకంటే నువ్వు అడిగినది అడిగినట్టు వచ్చిందని నీకు తెలియాలి. బీచి పండగకి ముందు లైట్‌హౌసు దగ్గర కార్లు ఆపే చోట సిమెంటు దిమ్మ కట్టారు. తెల్లగా, ఆకుపచ్చగా మెరిసే మిషను పెట్టారు. దానికి వేరేగా పెద్ద లైను లాగారు. మన వీధి మీదుగానే లాగారు. మన బల్బు మాత్రం ఎర్రగానే ఉంది.

ప్రారంభం రోజు అమ్మ పిల్లికి పెళ్ళికూతురి స్నానం చేయించింది. చింతపండు, బూడిద వేసి పెట్టెలు తోమింది. పసుపు నీళ్ళు చల్లింది. బంతిపూల దండ కట్టి, లోపల అగరొత్తులు వెలిగించింది. "ఇంకెవుడంటాడో సూద్దుం వాసనని" అంది. పక్కన కూర్చుని తనూ వచ్చింది.

స్టేజీ మీద ఒక ఆఫీసరు గారు నీ అర్జీ చదివారు. "ఈ ఊరి అమ్మాయే రాసింది, ఎంత చక్కటి తెలుగో వినండి" అని కెరటాలు ముత్యాలు మొత్తం చదివారు. జనం చప్పట్లు కొట్టారు. అమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది.

తర్వాత మా వంతు వచ్చింది. ఆ మిషను గొట్టం మూతి నా పిడికిలి కంటే లావు. పిల్లికి ఉన్నది మామూలు ప్లగ్గు. యూనిఫాం వేసుకున్న కుర్రాడు ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. "ఇది కార్లకి అన్నా, బేగి ఎక్కీది. ఆటోలకి ఇది కాదు" అన్నాడు. "మామూలు ప్లగ్గు ఒకటి పక్కన పెట్టలేరా?" అన్నాను. "అర్జీలో ఆటోలని లేదు కదన్నా, ఫాస్టుది కావాలనే ఉన్నాది" అన్నాడు. అతని తప్పేం ఉంది? ఇంతలో గేటు దగ్గరి వాచ్‌మన్ వచ్చి, రేపటి నుంచి చేపల బండి లోపలికి తేవద్దన్నాడు. పర్యాటకులు వచ్చే చోటట.

ఆ అర్జీ రాసింది మా చెల్లే అని చెప్పలేదు. చెబితే నిన్ను పొగుడుతారు, అప్పుడు నేను ఏ ముఖం పెట్టాలి?

తిరిగి వచ్చేటప్పుడు అమ్మ దండ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మన గుంట తులసి అడిగిందంతా పెట్టేసినారు. ఇంక దాన్ననీడానికేటున్నాది, ఆల్లననీడానికేటున్నాది" అంది.

నువ్వు బాధపడకు. చదువు మీద ధ్యాస పెట్టు. నిజంగా బాగా రాశావు.

నిన్న ఎర్రన్న మావ మళ్ళీ వచ్చాడు. ఈసారి కుర్చీ వేశాను.

లక్ష్ముడు


గరివిడి,
డిసెంబరు.

అన్నయ్యా,

వెళ్ళవద్దు.

ఈ ఉత్తరంలో మంచి మాట ఒక్కటీ లేదు. వెతకలేదు. మొదటి చిత్తులో చేపలు ఉన్నాయి. "మా అమ్మ చేపలు అమ్ముతుంది" అనే మొదలుపెట్టాను. దుర్గాభవాని భుజం మీద నుంచి తొంగి చూస్తోందని ఆ ముక్క కొట్టేశాను. కొట్టేశాక అర్జీ తేలిగ్గా నడిచింది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

నువ్వు ప్లగ్గు అన్నావు, రేకు అన్నావు, మార్కెట్టు వెనక అన్నావు. నేను వాటిలో ఒక్కటీ రాయలేదు. అడిగింది నువ్వు, రాసింది నేను, వచ్చింది ఇంకెవరికో.

మళ్ళీ రాస్తాను. అది వచ్చేదాకా ఆగు. మాట ఇచ్చావు కదా. అమ్మ తల మీద చెయ్యి పెట్టావు.

వార్డెన్ గారి ఫోనులో ఆదివారం నీకు చేశాను. నువ్వు ఎత్తలేదు. ఎత్తి ఏం చెప్పాలో తెలియక ఎత్తలేదా? అలా అయితే రాయి. ఒక్క ముక్క చాలు.

తులసి


వెరావల్,
జనవరి.

చెల్లికి,

నీ ఉత్తరం రైలెక్కే రోజు అందింది. ఆమదాలవలస స్టేషన్లో బెంచీ మీద కూర్చుని చదివాను. మళ్ళీ రైల్లో చదివాను. ఒక్క ముక్క చాలన్నావు, ఆ ముక్క ఏదో తెలియక ఇన్నాళ్ళు పట్టింది.

రైలు గరివిడి మీదుగానే వచ్చింది. నేను ముందే తలుపు దగ్గర నిలబడ్డాను. ఆగదని తెలుసు. పొగగొట్టం కనబడింది. దానికి ఎదురు వైపు ఏ కిటికీ నీదో తెలియలేదు. మధ్యాహ్నం వేళ, నువ్వు క్లాసులో ఉండి ఉంటావు. చెయ్యి ఊపాను. ఎవరో పశువులు కాసే ముసలాయన తిరిగి ఊపాడు.

మాట తప్పాను. బయలుదేరేటప్పుడు అమ్మ సంచీలో ఎండు నెత్తళ్ళు పెట్టింది. "ఇయ్యి మాత్రం ఎవులికీ ఇచ్చీకు" అంది. నువ్వు ఆయాకి ఇచ్చేసిన సంగతి అమ్మకి ఎప్పుడో తెలుసని నాకు అప్పుడు తెలిసింది. ఆయా చెప్పిందో, నువ్వు ఫోనులో మరీ ఎక్కువ పొగిడావో.

ఇక్కడ పని తెలిసినదే. బోటులో అంతా మన వైపు వాళ్ళే, వంటవాడు నౌపడ కుర్రాడు, ఉప్పు ఎక్కువేస్తాడు. మీ ఊళ్ళో ఊరికే దొరుకుతుందని ఇలా కుమ్మరిస్తావేటిరా అని అందరం ఏడిపిస్తాం.

ఒకటి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. చెబుతాను. ఇక్కడ రేవులో ఐసు ఫ్యాక్టరీ గోడకి వరసగా లావు ప్లగ్గులు ఉన్నాయి. పైన రేకు ఉంది. చేపలు మోసే కరెంటు ఆటోలు పెట్టెలతో సహా అక్కడే పెట్టుకుని, డ్రైవర్లు నీడలో చీట్లాడుకుంటారు. ముక్కు మూసుకున్నవాడు ఒక్కడూ లేడు. నేను చాలాసేపు నిలబడి చూశాను. ఎర్రన్న మావ వచ్చి "ఏట్రా, ఇంటికాడ మర్సిపోయిందేటైనా అవుపించిందేటి?" అన్నాడు. లేదన్నాను.

ఎల్లుండి బోటు బయలుదేరుతుంది. తిరిగి రేవుకి వచ్చేదాకా ఫోను అందదు, ఉత్తరమూ అందదు. ఎర్రన్న మావకి తెలిసిన చాయ్ కొట్టు చిరునామా వెనక రాశాను. దానికి రాస్తే వాళ్ళు దాచి ఉంచుతారు.

రాత మానకు. అది నీ తప్పు కాదు, తప్పయినా నాకేం కోపం లేదు.

లక్ష్ముడు


కళింగపట్నం,
ఫిబ్రవరి.

అన్నయ్యకు,

రెండో శనివారం సెలవు కలిపి ఇంటికి వచ్చాను. సోమవారం నేనే కొత్త అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్ళాను. అమ్మ బస్సులో మార్కెట్టుకి వెళ్తుంటే ఆమెతోనే ఎక్కాను. అమ్మ గంప వెనక మెట్ల దగ్గర పెట్టి, తను దాని పక్కనే కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. కండక్టరు నన్ను చూసి "నువ్వు పైన సీట్లో కూకోమ్మా, కాలేజీ పిల్లవి" అన్నాడు. "మా అమ్మండీ" అన్నాను.

ఈ అర్జీ ఇలా మొదలవుతుంది: "మా ఆటోలో చేపలు ఉంటాయి." తర్వాత ప్లగ్గు ఉంది, రేకు ఉంది, మార్కెట్టు వెనక అన్నది ఉంది, అమ్మ పేరు కూర్మమ్మ అని ఉంది, జగ్గమ్మత్త పేరు ఉంది. కెరటాలు లేవు. సారుకి చూపించాను. ఆయన ఏమీ దిద్దలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది ముందు రాయాల్సింది కదమ్మా" అన్నారు.

కౌంటరు దగ్గర ఆయన మన ఊరి పేరు కంప్యూటర్లో కొట్టి చూశాడు. "మీ ఊళ్ళో చార్జింగు స్టేషను పెట్టేశారు కదమ్మా" అన్నాడు. అది కార్లకండి, మాది ఆటో అన్నాను. "ఏదైనా ఒకటే పద్దు తల్లీ. ఇదిగో చూడు" అని తెర నా వైపు తిప్పాడు. మన అర్జీ పక్కన ఆకుపచ్చ రంగులో "పరిష్కారం అయినది" అని ఉంది. నేను ఏరుకున్న మాటే. కొత్త అర్జీ అయినా తీసుకోండి అని బతిమాలాను. తీసుకున్నాడు. ఏ కట్టలో పెట్టాడో చూడకుండా వచ్చేశాను.

హాస్టలుకి ఈసారి నెత్తళ్ళు తీసుకెళ్తున్నాను. దుర్గాభవానికి ముందే చెప్పాను, మాది చేపలమ్మే ఇల్లని. "ఆ మాట అప్పుడే సెప్పొచ్చు కదే, నానేటి తింటానా నిన్ను?" అంది. అంతే అంది అన్నయ్యా. అంత చిన్న మాట.

పిల్లి సంగతి రాయకుండా ముగిద్దామనుకున్నాను. వీలు కావడం లేదు. అది పెరట్లో టార్పాలిన్ కింద ఉంది. ఊరికే వదిలేస్తే బ్యాటరీ చచ్చిపోతుందని నువ్వు చెప్పి వెళ్ళావట కదా. అమ్మ సాయంత్రం అయ్యేసరికి మర్చిపోకుండా ప్లగ్గు పెడుతుంది, తెల్లారి తీస్తుంది. "ఆడు వచ్చీసరికి బండి సిద్ధంగుండాల" అంటుంది. బల్బు ఎర్రగానే వెలుగుతోంది. కానీ ఎక్కడికీ వెళ్ళని బండి కదా, ఎక్కిన చార్జి ఎక్కినట్టే ఉండిపోతోంది.

ఇందాక టార్పాలిన్ ఎత్తి చూశాను. గీతలన్నీ నిండి ఉన్నాయి.

తులసి